అడ్డొచ్చింది విమానమే

ఎయిర్‌పోర్టులో విమానాలు ఆగే ర్యాంప్ మీద బండి విమానాన్ని గుద్దిందని తెలిస్తే చాలు, అందరూ డ్రైవర్ మీద విరుచుకుపడతారు. విమానాన్ని నిలదీసే నాథుడే లేడు. ఈ అన్యాయాన్ని ఇక చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు.

సామాన్ల ట్రాక్టర్లు, ఆ సామాన్లను విమానంలోకి ఎక్కించే బెల్ట్ లోడర్లు, భోజనాల ట్రక్కు, ఇంధనం బండి, మెట్ల బండి, మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసే బండి. వీటికి క్షణం తీరిక ఉండదు. ఇంత హడావుడి మధ్యలో రెక్కలు బార్లా చాపుకుని నిలబడేది ఎవరు? విమానం. అయినా రూల్సన్నీ బండికే. రెక్క కొనల దగ్గర కోన్లు పెడతారు. దగ్గరికి వచ్చేముందు ఒకసారి పూర్తిగా ఆగి బ్రేకులు పడుతున్నాయో లేదో చూసుకోమంటారు. నడక వేగం దాటొద్దంటారు, రెక్క కింద నుంచి అడ్డదారి వద్దంటారు, వెనక్కి తీయాలంటే సైగ చేసే మనిషి కావాలంటారు. ఆ మనిషి ఎక్కడ? పక్క విమానం దగ్గర, ఇంకో బండికి సైగ చేస్తూ. బయలుదేరే టైము మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

పోనీ విమానం కదలకుండా నిలబడుతుందా అంటే, అదీ లేదు. చక్రాలు దొర్లకుండా చాక్స్ అనే అడ్డు దిమ్మలు పెట్టాక కూడా కదులుతూనే ఉంటుంది. సామాను, ఇంధనం ఎక్కేకొద్దీ కిందికి కుంగుతుంది, దించేకొద్దీ పైకి లేస్తుంది. అందుకే లోడర్ అంచుకీ విమానం ఒంటికీ మధ్య కాస్త ఖాళీ వదలమంటారు. వదలకపోతే విమానమే మెల్లగా దిగి లోడర్ మీద కూర్చుంటుంది. తప్పు ఎవరిదో మీరే చెప్పండి.

ఒక్క విషయంలో మాత్రం నేను నోరెత్తను. విమానం మీద మెరిసే ఎర్ర లైటు ఆరిపోయి, ఇంజిన్ ఆగేదాకా దగ్గరికి పోకూడదన్న రూల్. తిరుగుతున్న ఇంజిన్ మనిషిని లోపలికి లాగేసుకుంటుంది, అక్కడ వాదన పనిచేయదు.

ఇక అసలు విషయానికొస్తాను. గుద్దడం పెద్ద నేరం కాదు, చెప్పడమే నేరం. చెప్పినవాడికి మెమో, విచారణ, ఆలస్యం వాడి ఖాతాలో. చెప్పనివాడికి ఏమీ ఉండదు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. ఇంత తెలివైన ఏర్పాటును 2005 డిసెంబర్ 26న అమెరికాలోని సియాటిల్‌లో పరీక్షించి చూశారు. అలాస్కా ఎయిర్‌లైన్స్ ఎం.డి.-80 రకం విమానానికి నేల మీద ఒక బండి తగిలింది. ఆ సంగతి వెంటనే ఎవరికీ చెప్పలేదు. విమానం ఎంచక్కా బయలుదేరింది. సుమారు 26,000 అడుగుల ఎత్తులో ఆ సొట్ట చిరిగి, అడుగు పొడవున కన్నం పడింది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోయి ఆక్సిజన్ మాస్కులు ఊడిపడ్డాయి. పైలట్లు క్షేమంగా వెనక్కి దించారు. మౌనానికి ఇంతకన్నా మంచి రిజల్టు ఇంకేం కావాలి?

పాతకాలం అల్యూమినియం విమానాలకు దాపరికం తెలియదు, సొట్ట పడితే చూపించేస్తాయి. కొత్తవి సంస్కారవంతులు. బోయింగ్ 787 బరువులో సగం దాకా కాంపోజిట్, అంటే పొరలు పొరలుగా అతికించిన పదార్థమే. దెబ్బ తగిలినా పైకి మచ్చ కనబడకుండా, లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. డ్రైవర్ నోరు విప్పడు, విమానమూ విప్పదు. ఇక ఇంజినీరు ఎక్కడని వెతుకుతాడు?

నేల మీద తగిలే ఈ దెబ్బల ఖర్చు 2035 నాటికి ఏడాదికి దాదాపు 1,000 కోట్ల డాలర్లకు చేరొచ్చని అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ లెక్కగట్టింది. దగ్గరికి వస్తుంటే పసిగట్టి వేగం తగ్గించే సెన్సర్లున్న బండ్లు కొనండని కూడా సలహా ఇచ్చింది. అవి కొంటే డబ్బు ఖర్చు. మెమో కాగితం చవక.

కాబట్టి నా ప్రతిపాదనలు చిన్నవే. విమానానికి హారన్ బిగించాలి. బండి వస్తుంటే అదే రెక్కలు ముడుచుకుని పక్కకు తప్పుకోవాలి. ప్రమాదం నివేదికలో 'విమానం ఇచ్చిన సంజాయిషీ' అని ఒక గడి పెట్టాలి. అది ఖాళీగా ఉంటే, విమానం తప్పు ఒప్పుకున్నట్టేనని రాసి, మేనేజర్ సంతకం తీసుకుని, ఫైలు మూసేయాలి. డ్రైవర్‌ని పిలిచి ఏం జరిగిందని అడగడం మాత్రం వద్దు. అడిగితే చెప్పేస్తాడేమో.