నీలిరంగు పెన్సిలుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ నీలిరంగు పెన్సిలు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గాని, పన్నెండు పెన్సిళ్ల డబ్బాలో అందరికంటే ముందు అరిగి బొటనవేలంత మిగిలిన వారిని క్షేమం అడగడం బాగుండదు. మా అమ్మాయికి మ్యాప్ పాయింటింగ్ ఉందంటే చాలు, బ్లేడుతో మీ మొన గీకి, ఆ పొడిని కాగితం ముక్కతో ప్రపంచ పటం మీద రుద్దేస్తుంది. రెండు నిమిషాల్లో భూగోళంలో 71 శాతం పూర్తి! మిగతా 29 శాతంలో కొండలకో రంగు, ఎడారులకో రంగు వేయడానికి గంట పడుతుంది.

ఇంత చవకగా ఇంత ఆస్తి రాయించుకున్నవారిని నేను రిజిస్ట్రారు ఆఫీసులో కూడా చూడలేదు. అందుకే ఒకసారి హద్దులు కొలిపిద్దామనిపించింది.

తీరం నుంచే చూద్దాం. గోదావరికి వరద వచ్చిన రోజుల్లో అంతర్వేది దగ్గర నిలబడితే కళ్లెదుట ఉండేది ఎర్రమట్టి నీళ్లు. అక్కడ మీకు సెంటు భూమి లేదు. ఆ జాగా గోధుమరంగు వారిది.

ఇంకా లోపలికి వెళితే, ఒప్పుకుంటాను, నీలమే. ఎండ బాగా దిగే పై 200 మీటర్లూ మీవే. కిరణజన్య సంయోగక్రియ జరిగేదీ, మన వలలు ఎక్కువగా పడేదీ ఆ పొరలోనే. అయితే మన బంగాళాఖాతం సగటు లోతు సుమారు 2,600 మీటర్లు. పదమూడు అంతస్తుల భవనంలో పై వాటాలోకి దిగి, భవనమంతా నాదేనని బోర్డు పెట్టుకున్నారన్నమాట.

ఆ కింద 1,000 మీటర్ల దాకా సందెచీకటి. డబ్బాలో మీ పొరుగున ఉండే ఎరుపుగారి బతుకు అక్కడ విచిత్రంగా ఉంటుంది. ఎర్రటి కాంతిని పైపొరల నీళ్లే పీల్చేసుకుంటాయి కాబట్టి, లోతున ఎర్ర రొయ్య నల్లగా, అంటే కనిపించకుండా తిరుగుతుంది. మా పెళ్లిళ్లలో నలుగురి కంట పడాలని కట్టే రంగు అక్కడ దాక్కోవడానికి పనికొస్తోంది! లాంతరు చేపలు చీకటి పడగానే మేతకు పైకెక్కి, తెల్లవారేలోగా దిగిపోతాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నీళ్లలోకి శబ్దం పంపి ప్రతిధ్వనితో దూరం కొలిచే సోనార్ శబ్దం ఇలాంటి జీవుల గుంపులకు తగిలి వెనక్కి వస్తే, సముద్రం అడుగే తగిలిందని పొరబడినవారున్నారు. పొద్దుగూకితే అడుగు పైకి లేవడమేమిటో పాపం!

బంగాళాఖాతంలో ఈ వాటాకు గాలి కూడా సరిగా ఆడదు. నదులు తెచ్చే మంచినీరు తేలిక గనుక ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. పైనీరూ కిందినీరూ కలవవు. పైనుంచి రాలే చెత్త కుళ్లుతూ ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తినేస్తుంది. ఇరుగుపొరుగు కలవని అపార్ట్‌మెంటు మాది ఒక్కటే అనుకున్నాను.

వెయ్యి మీటర్లు దాటితే ఎండ పొడ కూడా ఉండదు. వెలుగంటే జీవులు సొంతంగా వెలిగించుకునే దీపాలే. 1977లో పసిఫిక్‌లోని గాలాపగోస్ దీవుల దగ్గర సుమారు 2,500 మీటర్ల లోతున నేల బీటల్లోంచి వేడినీరు చిమ్మడం చూశారు. ఇలాంటి ఊటలు కొన్నిచోట్ల 350 డిగ్రీలు దాటుతాయి. అయినా పైనున్న నీటి బరువుకు మరగవు. వాటి పక్కనే నోరూ పేగూ లేని గొట్టపు పురుగులు ఎర్రటి కుచ్చులతో దర్జాగా నిలబడి ఉన్నాయి. వాటి ఒంట్లోని బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌తో వంట చేసి పెడుతుంది. కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టే వాయువది. అక్కడ మీకెందుకండీ పట్టా?

సముద్రాలన్నిటిలోకీ లోతైన మేరియానా అగాధం సంగతి సరేసరి. దాదాపు 10,900 మీటర్లు. ఎవరెస్టును నిలబెట్టినా శిఖరం మీద రెండు కిలోమీటర్ల నీరుంటుంది. 1960లో జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ అక్కడికి దిగారు. మన దేశం ముగ్గురిని 6,000 మీటర్లకు దించాలని 'మత్స్య' అనే లోతు సముద్రపు వాహనాన్ని తయారుచేస్తోంది. వాళ్లు బొమ్మ గీయాలనుకుంటే పట్టుకెళ్లే పెన్సిలు మీరు కారు.

ఇదంతా విని మా అమ్మాయి పోయిన వారం మేరియానా ఉన్నచోట నలుపు రుద్దింది. టీచరుగారు అర మార్కు కోసి, చుట్టూ సున్నా చుట్టి, 'సముద్రానికి నీలమే వేయాలి' అని రాశారు. కనుక కింది కోర్టులో మీరే గెలిచారు. సోమవారం మళ్లీ మ్యాప్ పాయింటింగ్. బ్లేడు బల్ల మీదే ఉంది.

ఇట్లు,
డబ్బా యజమానురాలి తండ్రి