పిల్లికి కన్ను తీయించానని తిట్టేవాళ్లకు

కంట్లో కణితి వచ్చిందని మా పిల్లికి ఒక కన్ను తీయించి నాలుగు నెలలైంది. ఫోటో పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు "అయ్యో పాపం, మందులతో తగ్గేది కదా" అంటున్నారు. తగ్గదండీ. చుక్కల మందుతో ఆ కణితి కరగదు.

మా పిల్లి ఐరిస్ మీద, అంటే కంటిపాప చుట్టూ రంగుగా కనిపించే భాగంలో, మొదట ఆవగింజంత గోధుమరంగు మచ్చ వచ్చింది. మచ్చ కనిపించగానే ఎవరూ కన్ను తీసేయరు. ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయే మచ్చలూ ఉంటాయి. అందుకే ఫోటోలు తీసి కొన్ని నెలలకోసారి పోల్చి చూస్తారు. మచ్చ పరుచుకున్నా, ఉబ్బినా, కంటిపాప ఆకారం మారినా, కంట్లో ఒత్తిడి పెరిగినా ఐరిస్ మెలనోమా, అంటే రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్, అని అనుమానించాలి. పిల్లుల కంటి లోపలే పుట్టే కణుతుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. కాలేయానికి, ఊపిరితిత్తులకు పాకే ప్రమాదం ఉంది.

డాక్టర్ తీసేద్దామన్నాక కూడా నేను రెండు నెలలు వాయిదా వేశాను. దాని ముఖం ఎలా ఉంటుందోనని నా బాధ. ఈలోగా గ్లాకోమా, అంటే కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు, వచ్చింది. పిల్లి మంచం కిందే ముడుచుకుని పడుకునేది. వయసు మీద పడిందేమో అనుకున్నాను. ఆపరేషన్ అయిన వారానికి కిటికీ గట్టు మీదకి ఎగిరి కూర్చుంది. అన్నాళ్లూ నొప్పి భరించిందని అప్పుడు గానీ అర్థం కాలేదు. ఆ రెండు నెలలకు నన్ను నేను క్షమించుకోలేను.

ఇంకో మాట. పిల్లికి కన్ను తీసేటప్పుడు కంటి నరాన్ని గట్టిగా లాగితే రెండో కంటి చూపు కూడా పోవచ్చు. అనుభవం ఉన్న సర్జన్‌నే వెతకండి.

తీసిన కన్నును తప్పకుండా ల్యాబ్‌కి పంపించమని అడగండి. మేము మొదట వెళ్లిన చోట "తీసేశాక ఇంకా పరీక్ష ఎందుకు" అన్నారు. ఎందుకేమిటి? అది ఏ కణితో, ఐరిస్ దాటి ఎంత దూరం పాకిందో ఆ రిపోర్టే చెబుతుంది. ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో దాన్నిబట్టే తెలుస్తుంది. నేను వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లిపోయాను.

ఎప్పుడో దెబ్బ తగిలి చూపు పోయి, కుంచించుకుపోయిన కన్ను మీ పిల్లికి ఉంటే దాన్నీ చూపించండి. అలాంటి కంట్లో ఏళ్ల తర్వాత సార్కోమా అనే మరో రకం క్యాన్సర్ పుట్టవచ్చు. అది ఇంకా మొండిది, కంటి నరం వెంట లోపలికి పాకుతుంది.

మా దానికి వచ్చే వారం మళ్లీ ఛాతీ ఎక్స్‌రే ఉంది. ఇప్పటికైతే కడుపునిండా తింటోంది.