వీధికి ఇల్లరికం వచ్చిన కారుగారికి

మహారాజశ్రీ కారుగారికి,

బరంపురం బడాబజార్ వెనక సందువాళ్లం రాసుకునే ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. తలుపు తీస్తే మొదట కనిపించేది మీరే.

మీరు వచ్చిన రోజు మీ ఓనరుగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, ‘ఇంట్లో పట్టదు, ప్రస్తుతానికి ఇక్కడే ఉంటుంది’ అన్నారు. ఆ ప్రస్తుతం ఇంకా అవలేదు. ఇల్లరికపు అల్లుణ్ణి ‘ప్రయాణం ఎప్పుడు బాబూ’ అని అడగలేం కదా, నోరు మూసుకున్నాం.

సందు వెడల్పు 12 అడుగులు. మీ వాటా ఆరు. మిగిలిన ఆరులో కాలవ, రెండు అరుగులు, ఒక ఆవు, మేం. మొన్న 108 బండి సందు మొదట్లోనే ఆగిపోయింది. పక్కింటి తాతగారిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకెళ్లారు. అప్పుడు కూడా మీ అద్దానికి గీత పడకుండా చూసుకున్నాం లెండి.

ఇది పట్టునేత వాళ్ల సందు. ఒకప్పుడు పొద్దున్నే పడుగులు సాచేవాళ్లు. ఎండ ముదిరాక అక్కడే అప్పడాలు, వడియాలు. సాయంత్రం పిల్లల గోలీలు. రాత్రి నులక మంచాలు. ఒక్క జాగా పూటకో పని చేసిపెట్టేది. ఇప్పుడు దానికి 24 గంటలూ ఒకటే డ్యూటీ, మిమ్మల్ని నిలబెట్టుకోవడం. ఎదురింటి మామ్మ ఊరుకోక మీ బానెట్ మీదే వడియాలు పెట్టింది. బ్రహ్మాండంగా ఎండాయి. పెయింట్ పోతుందని మీ ఓనరుగారు గోల పెడితే, ‘నా ఎండ మీద నువ్వు గాడీ పెట్టీసినావు, దానికేటంటావు?’ అంది. ఆయన దగ్గర జవాబు లేదు. మా దగ్గరా లేదు.

ఒక లెక్క చెబుతాను, గర్వపడండి. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన మొదటి విడతలో పట్టణ పేదల ఇంటికి పరిమితి 30 చదరపు మీటర్లుగా ఉండేది. ఢిల్లీ మాస్టర్ ప్లాన్ మాత్రం ఒక్కో కారుకి, తిరిగే దారితో కలిపి, ఆరుబయటైతే 23, బేస్‌మెంట్‌లో అయితే 32 చదరపు మీటర్లు చూపించమంది. అంటే నేలమాళిగలో మీ పడక పేదవాడి ఇంటికన్నా పెద్దది. మీకు వంటగది కూడా అక్కర్లేదు.

అద్దె సంగతి మరీ బాగుంది. కూరల బండివాడు సందు మొదట్లో గంట నిలబడితే ఆశీలు కట్టాలి. మీకు అద్దె లేదు, ఆశీలు లేదు, అడిగే నాథుడు లేడు. ఊళ్లో జాగా ఖరీదైనది కాబట్టి పార్కింగ్ రుసుము ఆ విలువకు తగ్గట్టు ఉండాలని కేంద్రం 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానంలో రాసింది. ఆ కాగితం మా సందులోకి ఇంకా రాలేదు. మీరు అడ్డంగా ఉన్నారనేమో.

‘అపార్ట్‌మెంట్లలో సెల్లార్లు కట్టిస్తున్నాం కదా’ అంటారు ప్లానింగ్ వాళ్లు. కట్టిస్తున్నారు. కారు లేనివాడు కూడా ఫ్లాటు ధరలో మీ గదికి డబ్బు కడుతున్నాడు. ఈ తెలివి మనది కాదు. 1923లో అమెరికాలోని కొలంబస్ నగరం అపార్ట్‌మెంట్లకు పార్కింగ్ తప్పనిసరి చేసింది, తర్వాత ఊరూరా అదే పాట. 2020లో న్యూజీలాండ్ ప్రభుత్వం తమ నగరాల్లో ఆ రూలు తీసేయమంది. జపాన్‌వాళ్లు 1962లోనే చట్టం చేసుకున్నారు: ముందు కారు పెట్టుకునే చోటు చూపించు, తర్వాత కారు కొను. మన దగ్గర ముందు కారు, తర్వాత పక్కింటివాడి గుమ్మం. ఇక మెయిన్ రోడ్డు మీద ఒక కాంప్లెక్సు సెల్లారుకి వెళ్లి చూశాను, ప్లానులో మీకు రాసిచ్చిన చోటే. మూడు బట్టల షాపులు, ఒక జిరాక్సు. వచ్చినవాళ్ల బళ్లన్నీ రోడ్డు మీద.

అసలు మీరు కదలలేరేమోనని జాలిపడేవాళ్లం. బుఢీ ఠాకురాణి జాతరకు ఆ భ్రమ తీరింది. రెండేళ్లకోసారి అమ్మవారు దేశిబెహరా వీధికి, పుట్టింటికి వస్తుంది. ఘటాలు తిరిగే ఆ రోజుల్లో మీరు మాయం! నెల అద్దెకి ఎక్కడో షెడ్డు దొరికిందట. అంటే ఊళ్లో చోటుంది, ఇవ్వడానికి మీ ఓనరుగారి దగ్గర డబ్బూ ఉంది. పిల్లలు మళ్లీ గోలీలు తీశారు, మామ్మ చాప పరిచింది. జాతర అయ్యాక అమ్మవారు మర్యాదగా వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే మీరు తిరిగొచ్చారు.

కాబట్టి మనవి ఒక్కటే. ఆ షెడ్డుకే మకాం మార్చండి. లేదంటే షెడ్డు అద్దె ఎంతో అంత నెలనెలా ఇక్కడే కట్టండి. ఆ డబ్బుతో కాలవ మీద పలకలు వేయించుకుంటాం, సందు చివర ఒక లైటు పెట్టించుకుంటాం. రసీదు కూడా ఇస్తాం.

ఇట్లు,
మీ అద్దం మడిచి సైకిలు దాటించుకునే
సందువాడు

తా.క.: మీ ఓనరుగారు రెండో బండి బుక్ చేశారని విన్నాం. దాని కొలతలు కాస్త ముందుగా పంపిస్తే, మా అరుగు ఎంతమేర కొట్టించుకోవాలో మేస్త్రీని అడుగుతాం.