అక్వేరియంలో ‘రోజూ గుప్పెడు ఉప్పు’: ఆ మెసేజ్‌లో తప్పులివి

హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది: “చేప నలతగా ఉంటే తగ్గేదాకా రోజూ ట్యాంకులో గుప్పెడు దొడ్డుప్పు వేయండి. ప్యాకెట్ ఉప్పు వద్దు, అయోడిన్ విషం. నీళ్లు మార్చొద్దు. ఏ రోగమైనా పోతుంది.” దయచేసి ఇలా చేయకండి.

“రోజూ గుప్పెడు”: చేపల్ని చంపేది ఈ మాటే. ఉప్పు ఆవిరైపోదు, ఫిల్టర్‌లో ఆగదు; నీళ్లు తీస్తేనే తగ్గుతుంది. రోజూ వేస్తే పేరుకుంటూ పోతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో గులకరాళ్లు పోను దాదాపు 45 లీటర్లుంటాయి. లీటరుకు 2 గ్రాముల చొప్పున 90 గ్రాములు, మొత్తం చికిత్సకు అంతే. గుప్పిట్లో కాదు, కాటా మీద తూచండి. ట్యాంకు నీళ్లతోనే మగ్గులో పూర్తిగా కరిగించి, 12 గంటలకోసారి మూడు విడతలుగా, ఫిల్టర్ నీళ్లు పడేచోట పోయండి. కరగని ఉప్పుగల్లు మీద చేప వాలితే తాకినచోట చర్మం కమిలిపోతుంది. తర్వాత 10 లీటర్లు మారిస్తే 20 గ్రాములే కలపాలి. ట్యాంకులో మొక్కలు, నత్తలు ఉంటే జబ్బు చేపను ఎయిర్‌స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టిన వేరే టబ్బులోకి మార్చండి. అడుగున తిరిగే కోరిడోరస్, లోచ్ చేపలకు సగం మోతాదు చాలు.

“అయోడిన్ విషం”: కాదు. కిలో ఉప్పులో ఉండేదే సుమారు 15–30 మిల్లీగ్రాములు; మన 90 గ్రాముల్లో 3 మిల్లీగ్రాములు కూడా రాదు.

“నీళ్లు మార్చొద్దు”: మొదట చేయాల్సిన పనే అది. చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే నీళ్లలో అమ్మోనియా, నైట్రైట్ (చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషాలు) పరీక్షించి, మూడో వంతు నీళ్లు మార్చండి. నల్లా నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ (క్లోరిన్‌ను పోగొట్టే మందు) కలిపాకే పోయండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను అడ్డుకుంటుంది, అమ్మోనియాను మాత్రం ఏమీ చేయలేదు. ఫిల్టర్‌లో అమ్మోనియాను పీల్చే జియోలైట్ రాళ్లు ఉంటే ముందే తీసేయండి. ఉప్పు తగిలితే అది పట్టుకున్న అమ్మోనియాను తిరిగి వదిలేస్తుంది.

“ఏ రోగమైనా”: తెల్లమచ్చల పరాన్నజీవి చర్మం కింద ఉన్నంతసేపు ఉప్పు దాన్ని చేరదు. రాలి, అడుగున విభజన చెంది, ఈదే పిల్లలుగా బయటికొచ్చినప్పుడే దెబ్బ తగులుతుంది. మచ్చలు పోయాయని మూడోరోజే ఆపేస్తే మళ్లీ వస్తుంది. నీళ్లు 28–30 డిగ్రీల్లో ఉంచి, 10–14 రోజులు కొనసాగించాలి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఎయిర్ పంప్ ఆపొద్దు. పొట్ట ఉబ్బి పొలుసులు విచ్చుకున్న చేపను ఈ ఉప్పు నయం చేయదు.

అన్నీ తగ్గాక రెండురోజులకోసారి పావు వంతు చొప్పున, ఉప్పు కలపని నీళ్లతో నాలుగైదు సార్లు మార్చండి.