18 మీటర్ల లోపు అగ్నిదేవుడికి ప్రవేశం లేదు

మా అపార్ట్‌మెంట్‌లో అగ్ని ప్రమాదం జరగదు. ఈ మాట ఊరికే అనడం లేదు. నాలుగేళ్లుగా అసోసియేషన్ కార్యదర్శిగా, కోశాధికారి ఊళ్లో లేనప్పుడు ఆ బరువు కూడా మోసిన అనుభవంతో అంటున్నాను.

మొదటి ధైర్యం మా బిల్డరు ఇచ్చింది. 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం కింద మన దగ్గర నివాస భవనం ఎత్తు 18 మీటర్లు చేరితే ఫైర్ వాళ్ల ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకోవాలి. వాణిజ్య భవనమైతే 15 మీటర్లకే. ప్లాన్‌లో మా ఎత్తు 17.95. బెత్తెడు కూడా లేని ఆ ఐదు సెంటీమీటర్లతో ఎంత తలనొప్పి తప్పిందో లెక్కేసుకోండి. నిప్పు కూడా చట్టం తెలిసినదే కదా. టేపు పట్టుకుని వస్తుంది, కొలుస్తుంది, 18కి తక్కువని తేలగానే వాచ్‌మన్‌కి దండం పెట్టి గేటు దగ్గర్నుంచే వెనక్కి పోతుంది. టెర్రస్ మీద తర్వాత వేసుకున్న రేకుల గదుల సంగతేమిటని కొందరు అడుగుతారు. అవి ప్లాన్‌లో లేవు. ప్లాన్‌లో లేనిది నిప్పుకి కనపడదు.

రెండో ధైర్యం వాస్తు. మా భవనానికి రిస్క్ అసెస్‌మెంట్, అంటే ప్రమాదం ఎటునుంచి రావచ్చో అంచనా, జరగలేదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. పునాది తియ్యకముందే సిద్ధాంతి గారు వచ్చి చేసి వెళ్లారు. ట్రాన్స్‌ఫార్మర్ ఆగ్నేయంలో పెట్టించారు. వంటిళ్లూ ఆగ్నేయమే, రెండు ఫ్లాట్లు తప్ప; ఆ రెండూ అందుకే కాస్త తక్కువకి పోయాయి. ప్లాన్‌లో రెండో మెట్లదారి నైరుతిలో పడింది. నైరుతిలో గుమ్మం యజమానికి అరిష్టం. కింద గోడ కట్టించారు, అరిష్టం ఆగిపోయింది. ఆ మెట్లు వృథా పోలేదు లెండి. వినాయక చవితి మండపం తాలూకు థర్మాకోలు, పరదాలు, వెదురుబొంగులు ఏడాదంతా అక్కడే ఉంటాయి.

ఇంత పకడ్బందీగా ఉన్న చోట మాకో చిక్కు వచ్చిపడింది. రెండో అంతస్తులో దిగిన పెద్దాయన ఒకప్పుడు ఏదో మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరట. రిటైరైనా చెయ్యి ఊరుకోదు. ఓ ఆదివారం పొద్దున్నే టార్చిలైటు, నోటు పుస్తకం పట్టుకుని భవనమంతా తిరిగారు. ఆయన అడిగినవి నాలుగే ప్రశ్నలు. ఇక్కడ ఏది అంటుకుంటుంది, ఏది అంటిస్తుంది, ఆ టైముకి ఎవరెక్కడ పడుకుని ఉంటారు, ఎటునుంచి బయటపడతారు. ఇంత చిన్న ప్రశ్నలకి ఫ్యాక్టరీ వాళ్లు జీతమెందుకిచ్చారో నాకిప్పటికీ అర్థం కాదు.

కింద మీటర్ల బోర్డు దగ్గర ఆయన చాలాసేపు నిలబడిపోయారు. బోర్డుని ఆనుకుని పదకొండు బళ్లు. వాటిలో మూడు ఎలక్ట్రిక్ స్కూటర్లు, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి. పక్కన రెండడుగుల్లో పైకి పోయే మెట్లు. మాకున్న దారి అదొక్కటే.

"రాత్రంతా చార్జింగేనా?" అన్నారు.

"రాత్రైతేనే కదండీ ఎవరికీ అడ్డముండదు," అన్నాను.

మీటింగులో ఆయన రూబీ లాడ్జి సంగతెత్తారు. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం అంటుకుంటే, పొగ మెట్లెక్కి పై గదుల్లోకి పోయింది. 8 మంది పోయారు. మా అధ్యక్షుల వారు ఓపిగ్గా విని, "అది లాడ్జి కదండీ, మనది ఫ్యామిలీ అపార్ట్‌మెంటు," అన్నారు.

"2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కాలింది ఫ్యామిలీ అపార్ట్‌మెంటేనండీ. కింద రసాయనాల డ్రమ్ములు, పైన సంసారాలు. కనీసం 9 మంది పోయారు."

మా దగ్గర డ్రమ్ములు లేవు. ఉన్నవి పెయింటు డబ్బాలు, రెండు టిన్నుల థిన్నరు. డబ్బా వేరు, డ్రమ్ము వేరు.

పెద్దాయన ఆగలేదు. అదే ఏడాది మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్. అయిదో అంతస్తు ఆఫీసులో పనిచేసుకునే 6 మంది పిల్లలు పొగకి ఊపిరాడక పోయారు. అది ఆఫీసు, మనది ఇల్లు. 2022లో బోయిగూడ స్క్రాప్ గోదాం, పైన పడుకున్న 11 మంది బిహార్ కూలీలు. అది గోదాం. 2025 మే 18న గుల్జార్ హౌజ్. ఒక్క ఇరుకు దారి, 17 మంది, అందులో పసిపిల్లలు. అది ఇల్లే. అప్పుడు గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఎవరో "పాతబస్తీ కదా," అన్నారు. అందరికీ ఊపిరి తిరిగింది. వెంటనే లిఫ్టు మరమ్మతుల కాంట్రాక్టు విషయంలోకి వెళ్లిపోయాం.

పెద్దాయన అయినా పట్టు విడవకుండా నాలుగు పేజీల రిపోర్టు రాసిచ్చారు. దాన్ని మేమేం చెత్తబుట్టలో వెయ్యలేదు. ఫైలులో పెట్టాం. ఫైలు మీటర్ల బోర్డు వెనకాల అల్మారాలో, పాత న్యూస్‌పేపర్ల పక్కన భద్రంగా ఉంది.

నిప్పార్పే సిలిండర్లు లేవనుకునేరు. అంతస్తుకొకటి చొప్పున ఎర్రవి ఉన్నాయి. గేజిలో ముల్లు పచ్చలో ఉండాలట. మావి ఎరుపులో ఉన్నాయి. సిలిండరు ఎరుపు, ముల్లూ ఎరుపే, చూడ్డానికి బాగుంటుంది. నిండుగా ఉన్న ఆరు కిలోల సిలిండరే అర నిమిషం లోపు అయిపోతుందని పెద్దాయన అన్నారు. ఆ మాత్రం దానికి ఏటా రీఫిల్లు డబ్బులెందుకని మేం అప్పుడే తీర్మానించాం. మూడో అంతస్తులో ఒక బుడ్డోడు పిన్ను పీకబోతుంటే వాచ్‌మన్ చూశాడు. చూసి ఊరుకోలేదు. ఇంటర్నెట్ వైరు ముక్కతో పిన్నునీ హ్యాండిల్‌నీ కలిపి నాలుగు చుట్లు చుట్టి, పళ్లతో లాగి ముడేశాడు. ఇప్పుడది పిల్లలూ పీకలేరు, పెద్దలూ పీకలేరు. ఆ నెల అతనికి రెండొందలు బోనస్ ఇచ్చాం.

ఇంకో మాట. ఇన్ని ప్రమాదాలు జరిగాయి కదా, చాలావాటికి ముద్దాయి ఒక్కడే. షార్ట్ సర్క్యూట్. పొగ చల్లారకముందే ప్రాథమిక దర్యాప్తులో వాడి పేరు బయటికొస్తుంది. గోదాముకి అనుమతెవరిచ్చారు, మెట్లెవరు మూశారు, తాళమెవరేశారు, ఇవేవీ వాడి ముందు నిలబడవు. వాడినెవరూ అరెస్టు చెయ్యలేదు, వాడికో చిరునామా లేదు. వారం రోజులు తనిఖీలు, నోటీసులు, స్పెషల్ డ్రైవులు. ఆ వారమంతా సిలిండర్ల కంపెనీల నుంచి ఫోన్లే ఫోన్లు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు. రెండో వారం నుంచి మళ్లీ మామూలే.

రిపోర్టులో మేం నిజంగా అమలు చేసిన అంశం ఒకటుంది. టెర్రస్ తలుపు. మెట్లలో పొగ నిండితే పైవాళ్లకి ఆఖరి దారి అదే, దానికి తాళం వెయ్యొద్దని పెద్దాయన రాశారు. వెయ్యకపోతే ఎలా? నాలుగో అంతస్తు అత్తయ్యగారి గుమ్మడి వడియాలు రెండుసార్లు పోయాయి. కుర్రాళ్లు బీరు సీసాలు వాటర్ ట్యాంకు వెనక దాస్తున్నారు. రాత్రి పదకొండు తర్వాత పైన ఎవరో ఫోన్లో గుసగుసలాడుతున్నారు. అందుకని తాళం పడింది. చెవి వాచ్‌మన్ నడుముకి. వాచ్‌మన్ సంక్రాంతికి ఊరికి.

మూడు మీటింగులు పెట్టాక మధ్యేమార్గం దొరికింది. తాళం తాళమే, కానీ చెవిని తలుపు పక్కనే అద్దాల పెట్టెలో వేలాడదీస్తాం, అవసరమైతే అద్దం పగలగొట్టుకోవచ్చు. పెద్దాయన ఆ రోజు మొదటిసారి నవ్వారు. పెట్టె బిగించాం, పక్కనే గొలుసుతో చిన్న సుత్తి. నాలుగు రోజులకి సుత్తి పోయింది. వారానికి ఎవరో అద్దం పగలగొట్టి చెవి తీశారు, వడియాలు మళ్లీ పోయాయి. ఈసారి అద్దం తీసేసి ఇనపరేకు వేయించాం. రేకు పెట్టెకి ఓ చిన్న తాళం.

ఆ చిన్న తాళం చెవి కార్యదర్శి దగ్గరుండాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ప్రస్తుతం నా దగ్గరే ఉంది. వచ్చే నెల అమ్మాయి పురుటికి ఆరు నెలలు డల్లాస్ వెళ్తున్నాం. చెవి ఎవరికప్పగించాలన్నది వచ్చే మీటింగు ఎజెండాలో ఏడో అంశం. కోరం ఉంటే తేలుతుంది.