రాజమండ్రికి రెండు టికెట్లు

(తిరుపతి, బైరాగిపట్టెడ. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన శేషాద్రి ఫోనులో రైలు టికెట్లు వెతుకుతున్నాడు. మునిలక్ష్మి చింతపండులో గింజలు ఏరుతోంది.)

మునిలక్ష్మి: కోటిలింగాల రేవులో స్నానం, మార్కండేయస్వామి దర్శనం. అంతే కదా?

శేషాద్రి: అవి నీకు. నాకు ధవళేశ్వరం, హేవలాక్ వంతెన.

మునిలక్ష్మి: అనుకున్నాను! కొండ దిగిన ప్రతిసారీ ‘ఈ ఘాట్ రోడ్డు 1944 నాటిది’ అంటారు. మనవడు గోవింద నామాలకన్నా ముందు అదే నేర్చుకున్నాడు.

శేషాద్రి: తెలివైన పిల్లవాడు. ధవళేశ్వరం సంగతి విను. గోదావరి అక్కడ లంకల మధ్య పాయలుగా చీలుతుంది. అడుగున ఎంత తవ్వినా ఇసుకే. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి, ఆ ఇసుక మీదే రాళ్లు పేర్పించి 1852కల్లా ఆనకట్ట నిలబెట్టాడు. కావేరి మీద చోళుల కల్లణై చూసి పట్టుకున్న కిటుకు అది.

మునిలక్ష్మి: ఇసుక మీదా! గట్టి నేల మీద మన మేస్త్రి కట్టిన ప్రహరీ రెండు వానలకే పక్కింటి జామచెట్టు మీదికి వాలింది. సరే, ఆ రాళ్లు చూపించండి.

శేషాద్రి: అంటే... ఇప్పుడక్కడ ఉన్నది బ్యారేజీ. 1982లో పూర్తయింది. కాటన్ మ్యూజియం ఉంది. కాలువలున్నాయి.

మునిలక్ష్మి: ఆనకట్ట లేదన్నమాట. వంతెనైనా ఉందా?

శేషాద్రి: లేకేం! 1900లో రైళ్లు మొదలయ్యాయి. 56 స్పాన్లు!

మునిలక్ష్మి: మన బండి దాని మీదే వెళుతుందా?

శేషాద్రి: లేదు... 1997లో దానికి విశ్రాంతి ఇచ్చారు. ఇప్పుడు బండ్లకు పక్కన కొత్త ఆర్చీల వంతెన ఉంది.

మునిలక్ష్మి: ఒకటి లేదు, ఇంకొకటి పనిచేయదు. వీటికోసం రెండు టికెట్లు!

శేషాద్రి: దాదాపు వందేళ్లు రైళ్లను మోసింది! రిటైరైతే చూడటానికి ఎవరూ రాకూడదా?

మునిలక్ష్మి: వంతెన గురించే మాట్లాడుతున్నారా?

శేషాద్రి: (గొంతు సవరించుకుని) కోనసీమలో గన్నవరం అక్విడక్టు కూడా ఉంది. కింద గోదావరి పాయ, పైన కాలువ.

మునిలక్ష్మి: ఏటి మీద కాలువా? అదీ పడగొట్టి మళ్లీ కట్టిందేనా?

శేషాద్రి: కాటన్ కాలం నాటిది పాతబడితే పక్కన కొత్తది కట్టారు. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు.

మునిలక్ష్మి: (చేతిలో గింజలు వదిలేసి) వేళకాని వేళ వచ్చినవాళ్లకు కూడా అన్నం పెట్టిన తల్లి! ఆ మాట ముందే చెప్పకుండా రాళ్లూ ఇసుకా అంటూ గంటసేపు సాగదీశారేమిటి? ముందు గన్నవరమే వెళదాం.

శేషాద్రి: పగటి బండికి సీట్లు లేవు. రాత్రి బండే.

మునిలక్ష్మి: తీయండి. కానీ ఆ కొత్త వంతెన రాగానే నన్ను లేపి ఆర్చీలు లెక్కపెట్టించకూడదు.

శేషాద్రి: ఇరవై ఎనిమిదే కదా! మరి గోదారమ్మకు రూపాయి బిళ్ల వేయవా?

మునిలక్ష్మి: దానికి లేపండి. బిళ్ల వేయగానే పడుకుంటాను. మీ లెక్క మీరు నోట్లోనే చెప్పుకోండి.