తొందరేం లేదు

మా ఊళ్లో పోయినవాళ్లు పదికాలాలపాటు గుర్తుండాలంటే ఫ్యానెక్కాలి.

రామాలయం మండపంలో ఆరు ఫ్యాన్లున్నాయి. ఒక్కోదానికి మూడు రెక్కలు. మొదటి రెక్క మీద "కీ.శే.", రెండో రెక్క మీద పేరు, మూడో రెక్క మీద "జ్ఞాపకార్ధం", అన్నీ ఎర్ర రంగుతో. చిక్కల్లా ఏంటంటే, ఫ్యాను తిరిగితే పెద్దాయన కనపడడు, పెద్దాయన కనపడాలంటే ఫ్యాను తిరగకూడదు. శ్రీరామనవమి కల్యాణంలో సరిగ్గా తలంబ్రాల వేళకి ఎవరో ఒకరు లేచి స్విచ్చి టక్కున ఆపేస్తారు. "మా వియ్యంకుడొచ్చాడండీ, మా తాత పేరు చూపిద్దామనీ..." అంటారు. ఆ వియ్యంకుడు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, తలెత్తి చదివేదాకా కింద ఉన్న జనమంతా చెమటలు కక్కుతూ ఆ తాతని తలుచుకుంటారు. ఏం తలుచుకుంటారో రాయను.

ట్యూబులైట్లది ఇంకో కథ. దాత పేరు, తండ్రి పేరు, గోత్రం, కొడుకుల పేర్లు, అమెరికాలో ఉన్న మనవడి పేరు, అన్నీ నాలుగడుగుల గొట్టం మీద పట్టించేసరికి వెలుతురు బయటికి రావడానికి సందు లేకుండా పోయింది.

అందుకే నానమ్మ సంవత్సరీకానికి ఊరికి ఏదైనా ఇద్దామన్నప్పుడు నాన్న ముందే చెప్పేశాడు. "ఫ్యాను వద్దురా. అమ్మకి కళ్లు తిరుగుతాయి."

ఆలోచించి ఆలోచించి సిమెంటు బల్ల దగ్గర తేలాం. మాది దివిసీమ. అవనిగడ్డ వెళ్లే బస్సు కోసం నానమ్మ తన జీవితంలో పెద్ద భాగమే మా ఊరి స్టాపులో, కాలవ వంతెన గోడ మీద కూచుని గడిపింది. వేసవిలో ఆ గోడ కాలిన పెనమే. "బస్సొచ్చేలోగా నేను రెండోవైపు కూడా కాలతానే" అనేది పక్కనున్నావిడతో. కాబట్టి అక్కడే, వేపచెట్టు కింద, వీపు ఆనించుకునే బల్ల ఒకటి వేయిద్దామనుకున్నాం. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనే కాబట్టి, దాని మీద రాయించే పని నా నెత్తిన పడింది.

పక్కూళ్లో బల్లలు పోసే మేస్త్రి ఉన్నాడు. వీపు ఆనే పలక మీద రంగు సిమెంటుతో అక్షరాలు పోసి, ఆరాక మిషను పెట్టి నున్నగా పాలిష్ పడతాడు. ఒకసారి పోశాక అంతే సంగతులు. చెరపడానికి లేదు, దిద్దడానికి లేదు. అతను ఫోన్లో అడిగింది ఒకటే: "మేటర్ వాట్సాప్ చేయండి సార్."

పేరు తెలుసు. పోయిన తేదీ నిమిషాలతో సహా తెలుసు, ఆ రోజు చుట్టాల్లో సగం మంది స్టేటస్ పెట్టారు. పుట్టిన తేదీ దగ్గరే బండి ఆగింది.

ట్రంకుపెట్టె తెరిచి కాయితాలన్నీ బయటికి తీశాం. ఓటరు కార్డులో వయసు లెక్కేస్తే 1945 వచ్చింది. పాత రేషన్ కార్డు లెక్కన 1950. అదే నిజమైతే మా నాన్న పుట్టేనాటికి ఆవిడకి పదకొండేళ్లు. ఆధార్‌లో 01-01-1939. ఆధార్ మాటకొస్తే, మా వీధిలో డెబ్భై దాటినవాళ్లందరూ జనవరి ఒకటినే పుట్టారు. ఆ రోజు మంత్రసాని ఎంత అవస్థ పడిందో తలుచుకుంటే జాలేస్తుంది.

"ఆధార్‌లోది నమ్మకు" అంది మేనత్త గొంతు తగ్గించి. "రెండొందల పింఛను రోజుల్లో అరవై అయిదు నిండాలన్నారు. అమ్మకి ఇంకా నిండలేదు. పొద్దున ఆటో ఎక్కింది, మధ్యాహ్నం దిగేసరికి మూడేళ్లు పెద్దదైపోయింది."

ఆడవాళ్లు వయసు తగ్గించి చెబుతారన్న మాట ఎవడు పుట్టించాడో గానీ, వాడు ఏనాడూ పింఛను వరసలో నిలబడి ఉండడు.

ఈ ముక్క ఎదురింటి మామ్మ చెవిన పడింది. చీపురు చేత్తో పట్టుకునే వచ్చేసింది. "అబ్బాయ్, అసలు తేదీ గిసలు తేదీ అని బల్ల మీద ఎక్కించకు. రేపు ఏ ఆఫీసరో బస్సు దిగి, దాని మీదే కూచుని చదివాడనుకో, ఇన్నాళ్లు తీసుకున్నది వెనక్కి కట్టమంటాడు."

"నానమ్మ పోయింది కదా మామ్మా, ఎవర్ని కట్టమంటాడు?"

"అది పోయిందిలే. ఆ రోజు అదే ఆటోలో నేనూ ఉన్నాగా!"

సరే, కాయితాలు వద్దు, మనుషుల్నే అడుగుదామని బయల్దేరాను. నానమ్మ తోడికోడలు అరుగు మీద చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది.

"నానమ్మ పెళ్లెప్పుడు జరిగింది?"

"నయాపైసలొచ్చిన ఏడు. చదివింపులు అణాల్లో రాయాలా పైసల్లో రాయాలా అని పందిట్లో మగాళ్లు కొట్టుకు చచ్చారు."

నాకు ప్రాణం లేచొచ్చింది. నయాపైసలొచ్చింది 1957 ఏప్రిల్‌లో. "అప్పటికి నానమ్మకి ఎన్నేళ్లు?"

"ఓణీ వేసింది."

"ఎన్నేళ్లకి వేసేవాళ్లు ఓణీ?"

"వేసినప్పుడు" అంది, ఇంకో కాయ అందుకుంటూ.

అక్కణ్ణించి నానమ్మ తమ్ముడి దగ్గరికి. మనిషి సన్నం, గొంతు లావు. "బెజవాడ ఆనకట్ట తెగిందని ఊరంతా గోలెత్తినప్పుడు అక్క నన్ను చంకనేసుకుని తిరిగిందిరా" అన్నాడు. పాత ఆనకట్ట తెగింది 1952లో. దాని తర్వాతే ప్రకాశం బ్యారేజీ కట్టారు. ఆరేళ్ల పిల్ల మోయగలదా, పదేళ్లది మోసిందా అని నేను లెక్క వేస్తుంటే, "నేను బొద్దుగా ఉండేవాణ్ణి, అది కూడా చూసుకో" అన్నాడు. ఆయన్ని చూస్తే నమ్మబుద్ధి కాలేదు గానీ లెక్కలో కలిపాను.

నిజానికి నానమ్మని బతికుండగా అడిగినా జవాబు ఒక్కటే వచ్చేది: "ఉప్పెనకి చాలా ముందు." ప్రపంచానికి క్రీస్తు పూర్వం, క్రీస్తు శకం ఎలాగో, ఆవిడకి 1977 నవంబరు 19 అలాగ. ఎర్ర గేదె ఉప్పెనకి ముందు. పెంకుటిల్లు ఉప్పెన తర్వాత. మా అమ్మ కాపరానికి రావడం, నేను పుట్టడం, సెల్‌ఫోన్లు రావడం, అన్నీ ఉప్పెన తర్వాతే, ఒకే గంపలో. ఆ శనివారం సముద్రం దివిసీమ మీదికొచ్చి పదివేల మందికి పైగా తీసుకుపోయింది. నానమ్మ ఆ రాత్రంతా ఎవరిదో డాబా మీద, చీకట్లో, వానలో, పిల్లల తలలు చేత్తో తడిమి లెక్కపెడుతూ కూచుందట. తెల్లారేదాకా లెక్కపెట్టిందట. ఆ తర్వాత నలభై ఏళ్లకి పైగా ఆ లెక్క ఆపలేదు. అన్నాలకి కూచున్నప్పుడల్లా గరిటె గాల్లో ఆడిస్తూ అందర్నీ లెక్కేశాకే వడ్డన మొదలు. మా అక్క పెళ్లిలో వీడియో తీసేవాణ్ణి కూడా లెక్కలో కలిపేసుకుని, కెమెరా పక్కన పెట్టించి, విస్తరి ముందు కూలేసింది. ఒకసారి తొమ్మిది మందిమి ఉండాల్సింది ఎనిమిదే వచ్చేసరికి గరిటె పడేసి పెరట్లోకి పరిగెత్తింది. తనని తాను లెక్కేసుకోలేదు. పరమానందయ్య శిష్యుల కథ మాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మేం పిల్లలం పడీపడీ నవ్వేవాళ్లం. నాన్న నవ్వేవాడు కాదు.

ఎక్కడున్నాను? మేటర్.

తేదీ తేలేలోగా మేస్త్రి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. అచ్చు ఖాళీగా ఉందట, ఎవరో ముహూర్తం పెట్టుకుని కూచున్నారట. తప్పించుకోడానికి రాత్రి బస్సులో కూచుని వాట్సాప్‌లో ఇలా కొట్టి పంపించాను:

"కీ.శే. (ఇక్కడ నానమ్మ పేరు) గారి జ్ఞాపకార్థం. జననం: ఉప్పెనకి చాలా ముందు. కనుక్కుని చెప్తా. తొందరేం లేదు. మరణం:" అని తేదీ, దాని కింద "కుమారులు, కుమార్తెలు" అని. రెండు నీలం టిక్కులు పడ్డాయి. బొటనవేలు ఎత్తిన బొమ్మ వచ్చింది. నేను నిద్రపోయాను.

ఇంకో నాలుగు రోజులు పరిశోధన సాగింది. చివరికి నానమ్మ తమ్ముడికి సంవత్సరం పేరు గుర్తొచ్చింది. చిత్రభాను! ఆషాఢం, తొలి ఏకాదశి ముందురోజు. అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే పేరు కాబట్టి అది 1882 అయినా కావాలి, 1942 అయినా కావాలి, 2002 అయినా కావాలి. మొదటిది మరీ అన్యాయం. మూడోది నిజమైతే నానమ్మ నాకన్నా చిన్నది. మధ్యదే ఖాయం చేశాం. తోడికోడలు మాత్రం చిత్రభాను కాదు, ఆ మరుసటేడు స్వభాను అని చిక్కుడుకాయ మీద ఒట్టేసింది గానీ, అప్పటికే నా ఓపిక అయిపోయింది. పంచాంగం తిరగేస్తే 1942 జూలై అని తేలింది. గర్వంగా మేస్త్రికి పంపాను. ఈసారి బొటనవేలు రాలేదు. దండం పెట్టే బొమ్మ వచ్చింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక అందరం స్టాపుకి నడిచాం. బల్ల మీద నానమ్మ పాత వంగపండు రంగు చీర కప్పి ఉంచారు. ఊళ్లో ఏ బోర్డు కనపడినా పైకే చదివే అలవాటు మా పెదనాన్నకి. చీర లాగి, గొంతు సవరించుకుని మొదలెట్టాడు.

"...గారి జ్ఞాపకార్థం. జననం, ఉప్పెనకి చాలా ముందు. కనుక్కుని చెప్తా..."

ఆగాడు. కళ్లజోడు సరిచేసుకున్నాడు. నల్ల సిమెంటు మీద తెల్ల అక్షరాలు, పాలిష్ పట్టి ధగధగలాడుతున్నాయి. ప్రతి చుక్కా చక్కగా ఉంది.

"...తొందరేం లేదు" అని పూర్తిచేశాడు.

వేపచెట్టు మీద కాకి ఒకటి అరిచింది. నాన్న నావైపు తిరిగాడు. నేను మేస్త్రి వైపు తిరిగాను. మేస్త్రి బల్ల వైపు తిరిగాడు.

"మీరు పంపిందే కదా సార్" అన్నాడు ఫోన్ తీసి చూపిస్తూ. "మొన్నామధ్య ఒకాయన మేటర్లో తప్పుందని నేనే దిద్ది పోస్తే, మా నాన్న పేరు మార్చడానికి నువ్వెవడివని పంచాయితీ పెట్టారు. అప్పట్నించీ వచ్చింది వచ్చినట్టే పోస్తున్నా. అయినా ఈ మధ్య అందరూ కొటేషన్లు పోయించుకుంటున్నారు కదండీ, ఇదీ అలాంటిదే అనుకున్నా."

పగలగొట్టి మళ్లీ పోయిద్దామని బాబాయి. ఆ రెండు వాక్యాల మీద సిమెంటు పూసేద్దామని మేనత్త. పూస్తే బల్లకి పిండికట్టు వేసినట్టుంటుందని పెదనాన్న. రిటైరైన తెలుగు మాస్టారు ముందుకొచ్చి, వంగి, వేలితో ఒక అక్షరం తడిమి, "థ ఒత్తు సరిగ్గా పడింది! మన చుట్టుపక్కల ఏ ఫ్యాను మీదా, ఏ బల్ల మీదా 'జ్ఞాపకార్థం' ఇంత శుద్ధంగా నేను చూడలేదు. ముట్టుకుంటే ఊరుకోను" అన్నాడు. ఆ ఒత్తు నేనే పెట్టానని చెప్పుకునే ధైర్యం ఆ క్షణంలో రాలేదు.

ఈలోగా ఎదురింటి మామ్మ, "ఏవిట్రా రాశారు, నాకు కళ్లు ఆనవు, మళ్లీ చదువు" అంది. పెదనాన్న మళ్లీ చదివాడు. మామ్మ సాంతం వింది. "ఉన్న మాటేగా. తేదీ వెయ్యలేదు, బతికించావు" అని వెళ్లి బల్ల మీద మొదట తనే కూచుంది. కొంగుతో పక్కన దులిపి, తోడికోడల్ని కూడా కూచోబెట్టింది. నాన్న ఆ ఇద్దర్నీ కాసేపు చూసి, చీర మడతపెట్టి చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. ఇంక పగలగొట్టే మాట ఎవరూ ఎత్తలేదు.

అవనిగడ్డ బస్సు ఆ రోజు గంటంపావు ఆలస్యంగా వచ్చింది. కంగారుపడుతూ వాచీ చూసుకున్న ప్రతివాడూ బల్ల చదివి వాచీ దింపేశాడు.

ఇప్పుడు మా స్టాపుకి పేరు మారిపోయింది. కండక్టరు "కనుక్కుని చెప్తా ఎవరండీ, కనుక్కుని చెప్తా, దిగండి" అని అరుస్తున్నాడు. పెళ్లిచూపులవాళ్లకి మా ఊళ్లో గుర్తు కూడా అదే చెబుతున్నారు. అబ్బాయి తరపు వాళ్లు ఒకరు దాన్ని గుర్తు అనుకోలేదట, అమ్మాయి వాళ్లు సంబంధం దాటేస్తున్నారనుకుని అలిగి కూచున్నారట.

పోయిన నెల నానమ్మ తమ్ముడు ఫోన్ చేశాడు. "ఒరేయ్, అక్క బల్ల పక్కన చోటుంది. నాదీ ఒకటి ఇప్పుడే పోయించేస్తా. నేను పోయాక మావాళ్లు ఎలాగూ ఫ్యానుతో సరిపెడతారు. కూచుని చూసుకున్నట్టూ ఉంటుంది. మేటర్ నువ్వే పంపు."

"ఏం రాయమంటావు తాతా?"

"పేరు రాయి. ముందర 'కీ.శే.'కి చోటు వదలమను, తర్వాత పోసుకుంటారు. పుట్టిన తేదీ, నీకు తోచింది రాయి."

"మరణం దగ్గర?"

"అక్కదాంట్లో రాశావే, అదే."

మేస్త్రికి పంపే ముందు ఈసారి నాలుగుసార్లు చదువుకున్నాను. "మరణం: కనుక్కుని చెప్తా. తొందరేం లేదు." తప్పేమీ కనపడలేదు. పంపించాను. బొటనవేలు వచ్చింది.